‘ఎక్కడో యుద్ధం జరిగితే నీకెందుకు?’ అంటున్నారు

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోంచి ఆవిడ పేరు, ఊరు, ఆ యుద్ధం జరుగుతున్న దేశం పేరు తీసేశాను. మొదటి రెండూ ఆవిడ కోరిక మీద. మూడోది నా నిర్ణయం. దేశం పేరు కనబడగానే చదివేవాళ్లు ఏదో ఒక పక్షం చేరిపోతారు, మిగతా ఉత్తరమంతా ఆ కళ్లతోనే చదువుతారు.

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచర్. ఇద్దరు పిల్లల తల్లి. రెండేళ్లుగా ఆ యుద్ధం వార్తలు వదలకుండా చూస్తున్నారు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే రాత్రి రెండు దాటినా కింద పెట్టలేకపోతున్నారు. ఒకరోజు శిథిలాల మధ్య కూర్చున్న పసిపిల్ల ఫోటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘దీనికి కూడా కారణాలు చెబుతారా?’ అని రాశారు. కాసేపటికే అన్నగారి అబ్బాయి అది వేరే దేశంలో ఎప్పుడో భూకంపం వచ్చినప్పటి ఫోటో అని తేల్చేశాడు. అప్పటి నుంచి ఆవిడ ఏం పెట్టినా మరిది ‘వదినా, ఇది ఏ భూకంపం?’ అని అడుగుతాడు. కింద అందరి నవ్వులూ.

ఇంకోటి, ఆవిడకు నిద్ర లేకుండా చేస్తున్నది అసలు ఇదే. సోషల్ మీడియాలో ఆవిడ కామెంట్ చూసి ఆ దేశం నుంచి ఒక కుర్రాడు మెసేజ్ చేశాడు. తల్లితో, చెల్లెళ్లతో ఒక స్కూలు భవనంలో తలదాచుకున్నామన్నాడు. తమ్ముడి ఆచూకీ తెలియడం లేదన్నాడు. భర్తకు చెప్పకుండా రెండుసార్లు డబ్బు పంపారు. ఇప్పుడు రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. వినకుండా వదిలేసిన వాయిస్ మెసేజ్‌లు వరసగా పేరుకుపోయాయి. ‘అతను నిజమైతే నేను రాక్షసిని. అబద్ధమైతే పిచ్చిదాన్ని’ అని రాశారు.

స్కూల్లో ఉదయం ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు మాట్లాడతానంటే హెడ్మాస్టర్ ‘రాజకీయాలు బడిలోకి తేకండి మేడమ్’ అన్నారట. భర్త మాట ఇంకోలా ఉంది: ‘నీకు టెన్షన్ తప్ప వాళ్లకు ఒరిగిందేంటి?’

ఆవిడ అడిగింది ఇది: ‘నోరు మూసుకుని నా పని నేను చూసుకోవాలా? ఉద్యోగం పోయినా సరేనని వీధిలోకి రావాలా? ఈ రెండూ కాక ఇంకేమైనా ఉందా?’

జవాబు

ఉంది. మీరు అడిగిన రెండింటి మధ్యే బోలెడు చోటు ఉంది. ముందు మీ ఆయన ప్రశ్నను పక్కన పడేయకండి. ఆయన అడిగిన తీరు మిమ్మల్ని నొప్పించి ఉండొచ్చు, కానీ ప్రశ్న సరైనదే. రాత్రి రెండు దాకా మీరు చూసిన వీడియోల వల్ల అక్కడ ఒక్కరికీ ఏమీ ఒరగలేదు. చూడటం ఒక పని, ఏదైనా చేయడం ఇంకో పని. మీరు మొదటిదానికే ఒళ్లు హూనం చేసుకుని, రెండోదానికి ఓపిక మిగుల్చుకోవడం లేదు. రోజుకు ఒకసారి, పగటి పూట, నమ్మదగిన ఒకటి రెండు చోట్ల వార్తలు చదివితే మీకు కావలసినంత తెలుస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పను, మీకూ తెలిసిందే.

ఇక గ్రూపు గోల. ఆ ఫోటో తప్పని తేలిన రోజున మీరు ఏమన్నారో ఉత్తరంలో రాయలేదు. ఏమీ అనలేదనుకుంటాను. ఇప్పుడైనా ఒక్క వాక్యం పెట్టండి: ‘ఆ ఫోటో తప్పు, చూసుకోకుండా పెట్టాను.’ అంతే. వివరణలు వద్దు. మరిదికి ఆట అక్కడితో అయిపోతుందని హామీ ఇవ్వలేను గానీ, తప్పు ఒప్పుకున్న మనిషిని అదే తప్పు మీద ఎగతాళి చేస్తూ పోతే కొన్నాళ్లకు చూసేవాళ్లకే విసుగొస్తుంది. ఇకపై ఏ ఫోటో అయినా పంపే ముందు రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఫోటో ఇస్తే అది ఇంతకు ముందు ఎక్కడ కనబడిందో వెతికిపెట్టేది) వేసి చూడండి, ఒక్క నిమిషం పని. మీరొక్కరే మోసపోలేదు. ‘ఆర్మా 3’ అనే వీడియో గేమ్‌లోని యుద్ధ దృశ్యాలను నిజం వీడియోలుగా ఎంతమంది పంచుకున్నారంటే, 2022 నవంబరులో ఆ గేమ్ తయారుచేసిన కంపెనీయే ముందుకొచ్చి వాటిని గుర్తుపట్టడం ఎలాగో చెప్పుకోవలసి వచ్చింది. ఒక్క తప్పుడు ఫోటో నష్టం మీ పరువుతో ఆగదు. రేపు నిజమైన ఫోటో వచ్చినా ‘ఇది ఏ భూకంపం?’ అని అడగడానికి అదే ఆసరా అవుతుంది.

నన్నడిగితే ఆ గ్రూపులో గెలవాలన్న పట్టుదల వదిలేయండి. అందులో ఉన్నవాళ్లెవరూ కాల్పులు ఆపలేరు, సహాయం మోసుకెళ్లే లారీలను లోపలికి పంపలేరు. ఒకటి మాత్రం తేల్చుకుని పెట్టుకోండి, ఎందుకంటే అది గ్రూపులోనే కాదు, ఎక్కడ నోరు తెరిచినా ఎదురవుతుంది: ‘మరి అవతలివాళ్లు చేసిన దాని సంగతేంటి?’ దీనికి మీరు తడబడుతున్నానని రాశారు. తడబడక్కర్లేదు. ‘అదీ తప్పే’ అనండి. నిజంగా అలాగే అనుకోండి కూడా. యుద్ధంలో ఏది చేయకూడదో చెప్పే 1949 జెనీవా ఒప్పందాలు పుట్టిందే ఈ ప్రశ్న దగ్గర. ఆ నాలుగు ఒప్పందాల్లోనూ ఉన్న మూడో అధికరణం ఆయుధం పట్టనివాళ్లను చంపడాన్నీ, బందీలుగా పట్టుకోవడాన్నీ నిషేధిస్తుంది, ఏ పక్షం చేసినా. 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) ఇంకొంచెం ముందుకెళ్లి, ఎదుటి పక్షం నియమం తప్పింది కాబట్టి మేమూ తప్పుతామనే సాకు పౌరుల విషయంలో చెల్లదంటుంది. ఆకలిని ఆయుధంగా వాడటాన్నీ అదే నిషేధించింది. పౌరుల పక్షాన మాట్లాడటానికి మీరు ఏ జెండా కిందకూ వెళ్లనవసరం లేదు. అలాగని అటూ ఇటూ జరిగింది సమానమని ప్రతిసారీ తూకం వేసి చెప్పాల్సిన పనీ లేదు. ఒకచోట ఎక్కువమంది పోతుంటే అక్కడ ఎక్కువమంది పోతున్నారనే అనాలి.

‘నీకెందుకు?’ అన్నదానికీ అక్కడే జవాబుంది. ఆ ఒప్పందాల మొట్టమొదటి అధికరణం, సంతకం చేసిన దేశాలు తాము పాటించడంతో ఆగకుండా ఇతరులూ పాటించేలా చూడాలంటుంది. ప్రపంచంలోని దేశాలన్నీ వాటికి ఒప్పుకున్నాయి, మీ దేశం కూడా. అంటే అక్కడి పౌరుల కోసం మీ ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగే హక్కు మీకుంది. ఎవరి చెవిన వేస్తే కదులుతుందో చూసుకోవాలి, అంతే. అక్కడి సైన్యాధిపతికి మీ మాట వినే అవసరం లేదు. మీ ఓటు కావలసిన మనిషికి ఉంది.

మీరు ‘యుద్ధం ఆగాలి’ అని అడిగితే మీ ప్రజాప్రతినిధి కూడా ‘అవునండీ, ఆగాలి’ అంటారు. కథ ముగిసింది. ఎవరూ కాదనలేని కోరిక వల్ల ఎవరి మీదా బరువు పడదు. చిన్నదిగా, అవునో కాదో చెప్పక తప్పనిదిగా అడగాలి. మీరు టీచర్ కాబట్టి నాకు తోచింది చెబుతాను: బడుల సంగతి పట్టుకోండి. 2015 మేలో ఓస్లోలో ‘సురక్షిత పాఠశాలల ప్రకటన’ అని ఒకటి వచ్చింది. యుద్ధంలో బడులనూ విశ్వవిద్యాలయాలనూ సైనిక అవసరాలకు వాడుకోకుండా కాపాడతామని దేశాలు ఇచ్చే మాట అది. ఇప్పటికి 120కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. సైనికులు ఒక బడిలో దిగారంటే ఆ భవనం దాడికి గురయ్యే ముప్పు పెరుగుతుంది, పిల్లలు పక్క గదిలో ఉన్నా సరే. 2021 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2601వ తీర్మానంలో బడులపై దాడులను ఖండించింది. మీ దేశం ఆ ప్రకటనకు ఒప్పుకుందా? ఒప్పుకోకపోతే ఎందుకు? ఒప్పుకుంటే సైన్యానికిచ్చే నియమావళిలో ఆ మాట చేరిందా? ఆ యుద్ధంలోని రెండు పక్షాలతో ఈ విషయం ఎప్పుడైనా ఎత్తిందా? ఇవీ ప్రశ్నలంటే. మీ ప్రతినిధి వీటిని చట్టసభలో రాతపూర్వక ప్రశ్నగా వేయగలరు. అప్పుడు సంబంధిత శాఖ రికార్డులోకి ఎక్కేలా జవాబివ్వాలి. ఆ జవాబు పట్టుకుని రెండో ప్రశ్న వేయొచ్చు.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. మీరు ఆ నియోజకవర్గం ఓటరని మొదటి వాక్యంలో రాయండి, టీచరని రెండో వాక్యంలో, అడిగేది మూడో వాక్యంలో. శిథిలాల వర్ణనలు వద్దు. ప్రతినిధి ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు చదివే సహాయకుడికి కావలసింది ఫైల్లో పెట్టుకోదగ్గ ప్రశ్న. ఒక్కరు రాస్తే ఒక ఉత్తరం. అదే విషయం మీద మరో ఆరుగురు టీచర్లు ఎవరి మాటల్లో వాళ్లు రాస్తే, ఆ ఆఫీసులో అది నియోజకవర్గంలో లేచిన విషయమవుతుంది. కాపీ చేసి అతికించిన ఒకే రకం ఉత్తరాలు వందొచ్చినా అంత విలువ ఉండదు.

ఇలాంటి వాటితో ఏమైనా జరుగుతుందా అంటే, జరిగినవీ ఉన్నాయి, జరిగి వెనక్కిపోయినవీ ఉన్నాయి. రెండూ చెబుతాను. మందుపాతరల మీద 1992లో ఆరు స్వచ్ఛంద సంస్థలు కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. 1997 డిసెంబరులో ఒట్టావాలో 122 దేశాలు నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టాయి, ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి ఆ ప్రచారానికీ, దాని సమన్వయకర్త జోడీ విలియమ్స్‌కూ కలిపి వచ్చింది. అమెరికా, రష్యా, చైనా, భారత్ మాత్రం అందులో చేరనే లేదు. 2025లో ఫిన్లాండ్, పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు బయటికొచ్చే ప్రక్రియ మొదలుపెట్టాయి. 2019 మేలో ఇటలీలోని జెనోవా రేవు కార్మికులు, యెమెన్ యుద్ధంలో వాడతారన్న అనుమానంతో ఒక సౌదీ ఓడలోకి జనరేటర్లు ఎక్కించబోమన్నారు. ఆ సరుకు లేకుండానే ఓడ కదిలింది. అదే ఏడాది జూన్‌లో, సౌదీకి ఆయుధాల ఎగుమతి అనుమతులిచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని బ్రిటన్ అప్పీలు కోర్టు చెప్పింది. కేసు వేసింది ఒక ప్రచార సంస్థ. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మళ్లీ అనుమతులు మొదలుపెట్టింది. అయినా ఆ ఏడాది పాటు కొత్త అనుమతులు ఆగిన మాట నిజం. దీన్ని గెలుపనాలో ఓటమనాలో నాకు తేల్చడం రాదు. ఏమీ కాలేదని మాత్రం అనలేను.

ఇక ఆ కుర్రాడు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అతని కన్నా మీ మౌనమే. అతను నిజమైతే, జవాబు లేని ఫోన్‌ను చూస్తూ కూర్చున్నాడు. అబద్ధమైతే, మీరు మోసగాడి కోసం కుమిలిపోతున్నారు. ఏదైనా సరే, చప్పుడు చేయకపోవడం వల్ల ఎవరికీ లాభం లేదు.

నిజమో కాదో తేల్చడానికి కొన్ని చూడొచ్చు. అతను పంపిన ఫోటోలను వెతికి చూడండి. మెసేజ్‌లోని ఒక వాక్యాన్ని యథాతథంగా సెర్చ్‌లో వేయండి, మోసాల్లో ఒకే కథ పదిమందికి వెళ్తుంది. ఖాతా ఎప్పటిదో, యుద్ధానికి ముందు అందులో మామూలు జీవితం కనబడుతోందో లేదో గమనించండి. గుర్తింపు కార్డు పట్టుకుని ఫోటో దిగి పంపమని మాత్రం అడగకండి, అది ఎవరి చేతిలోనైనా పడితే అతనికే ప్రమాదం. డబ్బు వేరేవాళ్ల ఖాతాకు పంపమన్నంత మాత్రాన మోసమని అనుకోలేం. బ్యాంకులు మూతపడిన చోట డబ్బు మధ్యవర్తుల చేతుల మీదుగానే వెళ్తుంది, వాళ్లు కోత కోస్తారు కూడా. ఇన్ని చూసినా మీకు పూర్తిగా తేలకపోవచ్చు. తేలకపోయినా నిర్ణయం తీసుకోవచ్చు.

నెలకు ఇంతని పెట్టుకుని పంపడం ఒక దారి. పోయిందనుకున్నా ఇల్లు కుంగని మొత్తం అయ్యుండాలి, మీ ఆయనకు తెలిసి పంపాలి. దాచి పంపిన డబ్బు ఇప్పటికే మీ ఇంట్లో ఇంకో తగువుకు విత్తనం వేసింది. ఈ దారిలో ఒక కుటుంబం ముఖం మీకు తెలుస్తుంది, ఒక బంధం ఏర్పడుతుంది. దానికి తగ్గ బరువూ ఉంటుంది: ఒకరోజు అతని మెసేజ్‌లు ఆగిపోతే ఎందుకు ఆగాయో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. అంత మోయగలరో లేదో మీరే చూసుకోవాలి. రెండోది, వ్యక్తికి ఆపేసి అదే మొత్తం సంస్థలకివ్వడం. రెడ్‌క్రాస్, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ లాంటివి ఉన్నాయి. అక్కడివాళ్లే నడుపుకునే బృందాలూ ఉంటాయి. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక పెద్ద సంస్థలు చాలా చోట్లకు చేరలేకపోతే, పేటల్లోని కుర్రకారే ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో సామూహిక వంటశాలలు నడిపారు, గాయపడ్డవాళ్లను మోశారు. 2025లో వాళ్లకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. అలాంటి బృందాలకు డబ్బు చేర్చే సంస్థ ఏదో, లెక్కలు బయటపెడుతుందో లేదో చూసి ఇవ్వండి. ఈ దారిలో మీ డబ్బు ఎవరి కంచంలోకి వెళ్లిందో తెలియదు, మనసు తేలికా పడకపోవచ్చు. కానీ మెసేజ్ చేయడానికి ఫోన్, భాష, సిగ్నల్ లేనివాళ్లకూ చేరుతుంది. ఏ దారైనా, విదేశాలకు డబ్బు పంపడం మీద మీ దేశంలో ఉన్న నిబంధనలు బ్యాంకులో అడిగి తెలుసుకోండి. యుద్ధ ప్రాంతాలపై ఆంక్షలుండొచ్చు, మంచి ఉద్దేశం చూసి ఎవరూ మినహాయింపు ఇవ్వరు.

డబ్బు కన్నా ముందు మీరు అతనికి ఇవ్వగలిగింది ఒకటుంది. తమ్ముడు కనబడటం లేదన్నాడు కదా. విడిపోయిన కుటుంబాలను వెతికి కలపడం అంతర్జాతీయ రెడ్‌క్రాస్ పనుల్లో ఒకటి. స్థానిక రెడ్‌క్రాస్ లేదా రెడ్ క్రెసెంట్ శాఖలో తమ్ముడి పేరు, వయసు, చివరిసారి కనబడిన చోటు చెప్పి నమోదు చేయించుకోవచ్చు. దీనికి డబ్బు తీసుకోరు. అతనికి ఈ సంగతి తెలుసో లేదో అడగండి.

అతనికి రాసేది పొట్టిగా, మాట తప్పనవసరం లేనిదిగా ఉండాలి: ‘ఇన్నాళ్లూ జవాబివ్వనందుకు క్షమించు. రోజూ మాట్లాడటం నావల్ల కాదు. వారానికి ఒకరోజు తప్పకుండా చూస్తాను. నెలకు ఇంత మాత్రమే పంపగలను.’ లేదా, ‘ఇకపై డబ్బు పంపలేను.’ కష్టమైన వాక్యమే. కానీ అది అందితే అతను ఇంకో తలుపు తట్టగలడు.

అతను ఎప్పుడైనా తన కళ్లముందు జరిగిన దాడి వీడియో పంపితే గ్రూపుల్లో పెట్టకండి. ముఖాలు, వీధులు గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. అసలు ఫైలును ఫోన్‌లో చెరపకుండా ఉంచుకోమని చెప్పండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు తాలూకు వివరాలు పోతాయి. 2017లో యూట్యూబ్ తన నిబంధనల పేరుతో సిరియా వీడియోలు పెద్ద సంఖ్యలో తొలగించినప్పుడు, అవి రేపటి సాక్ష్యాలని హక్కుల సంఘాలు మొత్తుకున్నాయి. ఇప్పుడు ఇలాంటి సాక్ష్యం ఎలా సేకరించాలో చెప్పే బర్కిలీ ప్రోటోకాల్ ఉంది, 2020లో వచ్చింది. అది నిపుణుల పని. మీరు చేయవలసింది పాడు చేయకుండా ఉండటమే.

బడి విషయంలో హెడ్మాస్టర్‌ను శత్రువు చేసుకోకండి. ఆయన భయం తల్లిదండ్రుల ఫిర్యాదుల గురించి, అది ఊరికే పుట్టిన భయం కాదు. ప్రార్థనలో రెండు నిమిషాల ప్రసంగం అడిగితే ఆయన కాదనడమే సులువు. దాని బదులు, 13 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం అంతర్జాతీయ రెడ్‌క్రాస్ తయారుచేసిన మానవతా చట్టం (యుద్ధంలోనూ పాటించాల్సిన నియమాల) పాఠాలున్నాయి, వాటిలోంచి ఒక్క పీరియడ్ చెబుతానని కాగితం మీద అడగండి. అందులో ఇప్పటి యుద్ధం పేరే ఎత్తనక్కర్లేదు. లేదా సెప్టెంబరు 9న, దాడుల నుంచి విద్యను కాపాడే అంతర్జాతీయ దినం పేరుతో అడగొచ్చు. అప్పుడూ కాదంటే బడిలో ఆగిపోండి, బయట సాగించండి. బయట మాట్లాడేటప్పుడు బడి పేరు వాడకండి, పని వేళల్లో పోస్టులు పెట్టకండి, మీ సర్వీసు నిబంధనలు ఒకసారి చదవండి. ఇంత జాగ్రత్తపడ్డా ఒక మెమో రాదని నేను చెప్పలేను. ఊరేగింపుకు వెళ్లడం తప్పేం కాదు, కానీ మీ ఇంటి పరిస్థితిలో మొదటి అడుగు అదే కానవసరం లేదు. ఒంటరిగా వెళ్లకండి, అనుమతి ఉన్నదానికే వెళ్లండి. ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి వచ్చే నెల ఎవరికీ ఏమీ పంపలేదు.

చివర్లో వస్తువుల బహిష్కరణ గురించి అడిగారు. జాబితా చూసి అన్నీ మానేయాలనుకుంటే వారం తిరిగేసరికి నీరసపడతారు, ఆ జాబితాల్లో కొన్ని ఎవరో గాల్లోంచి రాసినవి కావచ్చు. ఆ యుద్ధంతో నేరుగా సంబంధమున్న ఒక కంపెనీని ఎంచుకుని, ఎందుకు కొనడం లేదో వాళ్లకు రాస్తే కాస్త అర్థముంది. మీకు టీచర్ల భవిష్యనిధి ఉంటే ఆ డబ్బు ఆయుధ కంపెనీల్లో పెట్టారా అని అడగడం అంతకన్నా గట్టి పని.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం ఆ కుర్రాడికి జవాబు, మీ ఆయనతో డబ్బు మాట. వచ్చే వారం ప్రతినిధికి ఉత్తరం. జవాబు రాకపోతే నెలన్నర ఆగి, పాత ఉత్తరం నకలు జతచేసి, అదే ప్రశ్న మళ్లీ పంపండి. ఈసారి మీతోపాటు ఇంకో ఇద్దరి చేత కూడా రాయించండి.